ఏప్రన్ కాపలా

"ఈసారి నా ట్యాగ్ లెక్కలో వెయ్యకండి రాజుగారూ," అంది రూపవతి.

కౌంటీ అడవి పార్కింగ్‌లో ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద కూర్చుని పులిహోర తింటున్న సుబ్బరాజు చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. పక్కనే వేపిన చేప ముక్కలోంచి ముల్లు తీస్తున్న డేవిడ్‌సన్ ఒకసారి భార్య రూపవతి వైపు చూసి, మళ్ళీ ముల్లు మీదే దృష్టి పెట్టాడు. ఈ ఇద్దరికీ మాట తేడా వచ్చినప్పుడు ముల్లు చూసుకోవడమే క్షేమమని అతనికి తెలుసు.

"అదేంటి చెల్లెమ్మా! నా ట్యాగ్ పొద్దున్నే అయిపోయింది. డేవిడ్‌ది నవంబర్లోనే అయిపోయింది. మిగిలింది నీదే కదా. మధ్యాహ్నం ఇంకోసారి చిత్తడిలోంచి తోలావంటే రెండోది కూడా పడిపోద్ది."

"పడిపోద్దండి. కానీ నా కాగితం మీద పడకూడదు."

ఆంటారియోలో ఒక్కో ట్యాగ్‌కి, అంటే గవర్నమెంటు ఇచ్చే వేట కాగితానికి, ఒక్క జింకే. గుంపుగా వేటాడేవాళ్ళకి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. గుంపులో ఒకరి ట్యాగ్ మీద ఇంకొకరు జింకను కొట్టచ్చు. చట్టప్రకారం తప్పేం లేదు. సుబ్బరాజు నాలుగేళ్ళుగా ఆ వెసులుబాటును శుభ్రంగా వాడుకున్నాడు. రూపవతి మోకాలి లోతు నీళ్ళలో, సీడార్ కొమ్మలు మొహాన కొడుతుంటే, ఈల వేసుకుంటూ జింకల్ని తోలేది. ఆయన ఎత్తు మీద మడత కుర్చీ వేసుకుని కొట్టేవాడు. ఆ తరవాత ఆమె జేబులోంచి ట్యాగ్ తీయించి జింక కొమ్ముకి కట్టేవాడు. ఫోటోలో కొమ్ములు పట్టుకుని ఆయన ఉండేవాడు, ఆ కొమ్ముకి వేలాడుతూ ఆమె పేరు ఉండేది. ఆ ఫోటోలు ఏజాక్స్ నుంచి బ్రాంప్టన్ దాకా తెలుగువాళ్ళ ఫోన్లన్నిటికీ వెళ్ళేవి. ఆ కాగితం మీద ఏముందో చదివిన పుణ్యాత్ముడు మాత్రం ఒక్కడూ లేడు.

సుబ్బరాజు చెడ్డవాడేం కాదు. భీమవరం మనిషి, సాఫ్ట్‌వేర్లో పెద్ద ఉద్యోగం, చేతికి ఎముక లేదు. ఏ ఆడమనిషినీ చెల్లెమ్మా అని తప్ప పిలవడు. ఆ చెల్లెమ్మ చిత్తడిలోకి దిగుతున్నప్పుడు మాత్రం ఆయనకి నడుము నొప్పి గుర్తొస్తుంది.

"మరి ఏం చేసుకుంటావమ్మా దాన్ని? ఫ్రేము కట్టించుకుంటావా?"

"నేనే కొడతాను."

సుబ్బరాజు మనస్ఫూర్తిగా నవ్వాడు. అందులో వెటకారం కూడా లేదు, అదే ఆమెకి ఎక్కువ మండింది. "కొట్టమ్మా, తప్పకుండా కొట్టు. బాణాలకి డిసెంబర్ ముప్పై ఒకటి దాకా టైముంది. కానీ వారం రోజులు తుపాకుల మోత విన్న జింక పగలు బైటికొస్తదా? పైగా ఇది గవర్నమెంటు అడవి. ఊళ్ళో వాళ్ళంతా తొక్కేసిన అడవి. ఇంక రాత్రిళ్ళే తిరుగుతాయవి."

రూపవతి ప్లాస్టిక్ కవర్లో మడిచి పెట్టుకున్న ట్యాగ్‌ని జేబులో ఇంకా లోపలికి తోసి, జిప్పు లాగేసింది. ఆ మధ్యాహ్నం వేట సాగలేదు. ఇంటికి వచ్చేదాకా డేవిడ్‌సన్ కారులో వాతావరణం గురించి తప్ప మాట్లాడలేదు.

క్రిస్మస్ రోజున తను పనిచేసే వృద్ధుల కేర్ హోమ్‌లో రెండు షిఫ్టులు చేసినందుకు రూపవతికి ఇరవై ఏడు, ముప్పై తేదీల్లో సెలవు దొరికింది. ముప్పై ఒకటిన మళ్ళీ పొద్దుటి డ్యూటీ. అంటే ఆమెకున్నది రెండే రెండు సాయంత్రాలు. ఆ రెండూ దాటితే ట్యాగ్ మామూలు కాగితమే.

ఇరవై ఏడున పన్నెండు గంటలకి పోర్ట్ హోప్ ఊరు దాటి కారు ఉత్తరానికి తిప్పింది. పార్కింగ్‌లో మూడు ట్రక్కులున్నాయి. వాటిలోంచి దిగిన బూటు జాడలన్నీ పెద్ద బాట పట్టుకుని తిన్నగా లోపలికి, రెండు మూడు కిలోమీటర్ల దాకా పోయే రకం. జింకలన్నీ ఆ చివర సమావేశం పెట్టుకున్నట్టు అందరూ అటే పోతారు. రూపవతి ఆ బాట ఎక్కలేదు. పార్కింగ్ కంచె దాటి ఎడమకి తిరిగి, నాలుగు వందల మీటర్లు కూడా నడవకుండానే చిత్తడి దక్షిణపు అంచుకి చేరింది.

ఇక్కడ మడత కుర్చీ వేసుకోవాలని ఏ మగాడికీ తోచదు. రోడ్డు మీద కార్ల చప్పుడు వినపడుతుంది. కానీ నాలుగేళ్ళు తోలినప్పుడల్లా జింకలు ఎటు పరుగెత్తాయో ఆమె వెనకనుంచి చూసింది. తుపాకులు పేలగానే అవి దూరం పోయేవి కావు. చుట్టు తిరిగి, మనుషులు దిగి వెళ్ళిపోయిన చోటుకే వచ్చి పడుకునేవి. కూర్చున్నవాళ్ళకి జింక ఎదురొచ్చినప్పుడే తెలుస్తుంది. తోలినవాళ్ళకి అది తప్పించుకున్నప్పుడు కూడా తెలుస్తుంది.

అనుకున్నట్టే సీడార్ల కింద మంచులో జింకలు పడుకున్న గుంటలు ఐదున్నాయి. చేతి తొడుగు తీసి ఒక గుంటలో అరచెయ్యి పెట్టింది. అడుగున మంచు కరిగి, మళ్ళీ నున్నగా గట్టిపడి ఉంది. అందులో బూడిదరంగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. నాలుగు గుంటలు చిన్నవి, ఒకటి పెద్దది. అక్కడినుంచి రెండు దారులు దక్షిణంగా, అడవి పక్కనున్న ఎవరిదో కోసేసిన మొక్కజొన్న చేను వైపు పోతున్నాయి. తూర్పు దారి ఓక్ చెట్ల మధ్యనుంచి, పడమటి దారి పల్లంలోంచి. రెండింటికీ మధ్య అరవై గజాలు. జాడలు ఎక్కువగా తూర్పు దారి మీదే ఉన్నాయి. ఇంత చలిలో తిండికి వెళ్ళక తప్పదు, చీకటి పడేదాకా ఆకలి ఆగదు. ఆమె తూర్పు దారి పక్కన ఒక హెమ్లాక్ చెట్టు మొదట్లో మంచు తోసుకుని, వీపు ఆన్చి కూర్చుంది.

నాలుగుంబావుకి అది వచ్చింది. ముందు రెండు ఆడవి, వాటి వెనక కొమ్ములున్నది. రూపవతి తుపాకీలా మీట ఉన్న విల్లు, క్రాస్‌బో, ఎత్తి దానికి బుగ్గ ఆన్చింది. ఇంకో పది అడుగులు. అంతలో ముందున్న ఆడ జింక ఆగి ముక్కు పైకెత్తింది. ముందుకాలు ఒకసారి నేల మీద తాటించింది. బుస్సుమని గట్టిగా ఊదింది. మూడు తెల్లతోకలూ ఒక్కసారే లేచాయి. ఆ తరవాత కొమ్మ మీదినుంచి రాలిన మంచు తప్ప అక్కడ ఏమీ మిగల్లేదు.

ఆమె కదల్లేదు, చప్పుడు చెయ్యలేదు. మరి ఏం తప్పు చేసినట్టు? గడ్డం కిందికి జాకెట్ లాక్కుంటూ ఉంటే ముక్కుకి తగిలింది. ఆవాలు, కరివేపాకు, ఇంగువ, వాటన్నిటి మీదా వేపిన చేప.

వాళ్ళ ఇంట్లో, వాళ్ళకి తెలిసిన తెలుగు ఇళ్ళన్నిట్లో, పోపు వాసన పైకి రాకుండా బేస్‌మెంట్‌లో రెండో వంటిల్లు ఉంటుంది. బురద బూట్లు, వేట జాకెట్లు పైకి రాకుండా వాటికీ బేస్‌మెంటే. రెండింటినీ పక్కపక్కన పెట్టినవాళ్ళు తామెంత తెలివిగా సర్దుకున్నామో అని మురిసిపోయారు తప్ప, ఒకదాని వాసన ఇంకోదానికి పడుతుందని అనుకోలేదు. సుబ్బరాజు ఇంట్లో అయితే ఆయన జాకెట్ ఎండు రొయ్యల డబ్బా పైనే వేలాడుతుంది. వాసన పోగొట్టే సీసాల మందు మాత్రం అమెరికానుంచి తెప్పించి, కారు దిగగానే ఒళ్ళంతా కొట్టుకుంటాడు.

నాలుగేళ్ళలో తను తోలిన జింకలు ఆయన కుర్చీకి యాభై గజాల ముందు ఎందుకు పక్కకి తిరిగేవో రూపవతికి ఇప్పుడు అర్థమైంది. పది వస్తే ఒకటి పడేది. మిగతా తొమ్మిదింటికీ, సరిగ్గా తోలలేదని ఆమెకి మాట పడేది. ఆమె అడవిలో ఒక్కర్తీ కూర్చుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అది నవ్వో ఏడుపో ఆమెకే సరిగ్గా తెలియలేదు.

మర్నాడు డ్యూటీనుంచి వచ్చి జాకెట్, ప్యాంటు, టోపీ, చేతి తొడుగులు అన్నీ కేర్ హోమ్‌లో వాడే వాసన లేని సబ్బుతో రెండుసార్లు ఉతికింది. అక్కడ ఎవరూ సెంటు రాసుకోకూడదు, పెద్దవాళ్ళకి ఊపిరి పట్టేస్తుందని. పదేళ్ళుగా ఆ నియమంలో బతికిన మనిషి, వేటకి మాత్రం చేపల వేపుడు కట్టుకుని వెళ్ళింది! ఉతికినవాటిని బైట చెక్క డెక్ మీద గాలికి ఆరేసి, మూత బిగిసే ప్లాస్టిక్ తొట్టెలో సీడార్ రెమ్మలతో కలిపి పెట్టింది. తలకి నూనె మానేసింది. ఇరవై తొమ్మిదిన కూతురు ఏనీ పక్కనుంచి వెళ్తూ ఆగి, మెడ దగ్గర ముక్కు పెట్టి చూసింది.

"మామ్, యూ స్మెల్ లైక్ నథింగ్. ఇట్స్ వియర్డ్."

"అదే కావాలమ్మా," అంది రూపవతి.

బేస్‌మెంట్‌లో డేవిడ్‌సన్ వంజరం ముక్కలు వేపుతున్నాడు. సిటీ బస్సు నడిపి వచ్చాక అతనికి అదే విశ్రాంతి. అతను కట్టుకున్న నీలం ఏప్రన్ ఐదేళ్ళుగా ఆ పొయ్యి ముందే ఉంది. ఎన్నిసార్లు ఉతికినా దాని స్వభావం మారలేదు. మెట్ల మీద నిలబడి రూపవతి దాన్నే చూస్తోంది.

"ఏంటలా చూస్తున్నావ్? రెండు ముక్కలు తిను."

"ఇవాళ వద్దండి. ఆ ఏప్రన్ ఇవ్వండి నాకు."

"ఏప్రనా?"

"మన వాసన ఉన్న దారిన జింక రాదు కదా. అలాంటప్పుడు మనకి అక్కర్లేని దారిన వాసన పెడదాం. అప్పుడు మనకి కావలసిన దారినే వస్తుంది."

డేవిడ్‌సన్ అట్లకాడ పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "అంటే నీ బదులు నా ఏప్రన్ తోలుతుందా?"

"మూడు చేపలు వేపాక ఇవ్వండి. ఇంకా బాగా తోలుతుంది."

"రేపు నేను కూడా రానా? ఒక్కదానివీ..."

"మీరు రావద్దు. పడ్డాక ఫోన్ చేస్తాను, అప్పుడు రండి." 'పడితే' అనకుండా 'పడ్డాక' అన్నట్టు ఆమెకి అనేశాకే తెలిసింది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ముప్పయ్యో తేదీన గాలి పడమటినుంచి వీస్తోంది. ఆమె పార్కింగ్‌లోనే తొట్టె మూత తీసి, బట్టలు మార్చుకుంది. ఏప్రన్ రెండు కవర్లలో మూతికట్టి వేరేగా ఉంది. చిత్తడి చుట్టూ తిరిగి, తూర్పు దారి మీద, ఆ రోజు జింక ఊదిన చోటే ఒక ఓక్ కొమ్మకి ఏప్రన్ నాడాలు ముడేసింది. కవరు విప్పగానే ఆ చలిలో కూడా కమ్మటి వాసన కొట్టింది. పొద్దున్నుంచి ఏమీ తినని ఆమె కడుపు గుర్రుమంది.

అక్కడినుంచి రెండు దారుల మధ్యకి వచ్చింది. పడమటి దారికి ఇరవై గజాల దూరంలో, పడిపోయిన పైన్ మాను వెనక కూర్చుంది. ఆమె ఒంటి వాసన ఏదైనా మిగిలితే, గాలి దాన్ని తూర్పు దారి మీదికే మోసుకుపోతుంది. ఆ దారికి ఎలాగూ ఏప్రన్ కాపలా ఉంది. క్రాస్‌బో తాడు రెండు చేతులతో లాగి బిగించి, బాణం పెట్టి, ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఇంక చెయ్యాల్సింది కదలకుండా ఉండటమే. కాలి వేళ్ళు ముందు నొప్పెట్టాయి, తరవాత ఉన్నాయో లేవో తెలియకుండా పోయాయి. రోడ్డు మీద ఒక ట్రక్కు వెళ్ళింది. ఎక్కడో కుక్క మొరిగింది. మూడున్నర అయింది, నాలుగయింది.

నాలుగూ పదికి సీడార్ల అంచున ఒక చెవి కదిలింది. ఆడ జింక బైటికొచ్చి అలవాటుగా తూర్పు దారి పట్టింది. ఓక్ చెట్ల వరకు వెళ్ళి ఆగింది. ఊదుతుందేమోనని రూపవతి ఊపిరి బిగబట్టింది. ఊదలేదు. పొరుగింటి గుమ్మం దాకా వెళ్ళి, చుట్టాలొచ్చారని తెలుసుకుని వెనక్కి వచ్చేసే మనిషిలా తల దించుకుని మళ్ళింది. పల్లంలోకి దిగింది. దాని వెనక ఇంకొకటి. వాటి వెనక, తొందర లేకుండా, కొమ్ములున్నది.

ఆడ జింకల్ని రెండింటినీ పోనిచ్చింది. కొమ్ముల జింక ఒక బెరడు ఊడిన చెట్టు దాటుతుండగా, ముందుకాలు సాచి పక్కటెముకలు తెరిచిన క్షణంలో మీట నొక్కింది. తాడు చప్పుడు చిన్నదే. జింక ఎగిరి, వెనక్కాళ్ళు విదిల్చి, పల్లం అవతలి పొదల్లోకి పరుగెత్తింది. కొమ్మలు విరిగిన చప్పుడయింది. తరవాత ఏమీ వినపడలేదు.

వెంటనే లేవకూడదు. గడియారం చూసుకుంటూ అరగంట కూర్చుంది.  ప్రభువా, దానికి నొప్పి ఎక్కువసేపు లేకుండా చూడు, అనుకుంది. తను కొట్టినదాని కోసం తనే ప్రార్థించడం వింతగా ఉన్నా, ఆ ప్రార్థన నిజమైనదే.

మంచు మీద రక్తం చక్కగా కనపడింది, ముందు చుక్కలుగా, తరవాత చారలుగా. యాభై అడుగులు వేసేసరికి పొద మొదట్లో అది పక్కకి ఒరిగి ఉంది. ఆరు కొనల కొమ్ములు. చిన్న కర్రతో కంటిని తాకి చూసింది, రెప్ప కదల్లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, చేతి తొడుగులు పళ్ళతో లాగేసి, జిప్పు తీసి ట్యాగ్ బైటికి లాగింది. చట్టం చెప్పినట్టే దాని మీద కత్తితో నెల దగ్గర ఒక గంటు, తేదీ దగ్గర ఒక గంటు, వేళ దగ్గర ఒక గంటు. నాలుగేళ్ళలో తన ట్యాగ్‌కి తన కత్తి తగలడం ఇదే మొదలు. కొమ్ముకి కట్టాక ఆ కాగితాన్ని తిన్నగా తిప్పి, దాని మీది పేరు చదువుకుంది. ఎవరో కొత్తవాళ్ళ పేరు చదువుతున్నట్టు, పైకే చదువుకుంది. 

పేగు తెగకుండా కత్తి మొనకి రెండు వేళ్ళు అడ్డం పెట్టి పొట్ట కోయడం ఆమెకి కొత్త కాదు. ఆ పని ఎప్పుడూ ఆమెదే. లోపలినుంచి ఆవిరి లేచి చేతులు వెచ్చబడ్డాయి. కార్జం కవర్లో వేసుకుని, మంచుతో చేతులు రుద్దుకుని, డేవిడ్‌సన్‌కి ఫోన్ చేసింది. వెలుగు పూర్తిగా పోకముందే వెళ్ళి ఏప్రన్ విప్పి తెచ్చుకుంది.

డేవిడ్‌సన్ ఒక్కడూ రాలేదు. ట్రక్కూ, జింకను లాగే ప్లాస్టిక్ బల్లా సుబ్బరాజువి కాబట్టి ఆయన కూడా వచ్చాడు. టార్చి వెలుగులో జింకను చూశాడు. కొమ్ముకున్న కాగితం చూశాడు. వెనక్కి తిరిగి, చెట్ల మధ్యనుంచి కనపడుతున్న పార్కింగ్ దీపం చూశాడు.

"ఇక్కడా? రోడ్డు పక్కనా?"

"ఆయ్. ఇక్కడేనండి."

"మరి పడమటి గాలి కదమ్మా. నిన్ను పసిగట్టలేదా?"

రూపవతి ఏప్రన్ సంగతి చెప్పింది. బేస్‌మెంట్ సంగతి చెప్పింది. ఎండు రొయ్యల డబ్బా సంగతి చెప్పేటప్పుడు మాత్రం కాస్త మెల్లగా చెప్పింది. సుబ్బరాజు తన జాకెట్ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని దీర్ఘంగా పీల్చాడు.  తరవాత వంగి, ఎవరూ అడక్కుండానే బల్లకున్న తాడు భుజానికి వేసుకుని లాగడం మొదలుపెట్టాడు. నడుము సంగతి ఎత్తలేదు.

పార్కింగ్‌లో కుక్కని తిప్పుతున్న ఒక తెల్లావిడ ఆగి, "నైస్ బక్! హూ గాట్ ఇట్?" అంది, ముందున్న సుబ్బరాజును చూస్తూ.

సుబ్బరాజు నోరు తెరిచేలోపే డేవిడ్‌సన్ అందుకున్నాడు. "మై వైఫ్," అన్నాడు. ఆ తెల్లావిడకి ఒకసారి చాలేదే కానీ, అతను రెండుసార్లు అన్నాడు.

ముప్పై ఒకటిన మధ్యాహ్నం రూపవతి డ్యూటీ దిగి వచ్చేసరికి తమ గరాజ్‌లో సుబ్బరాజు కూర్చుని కత్తులు నూరుతున్నాడు. డేవిడ్‌సన్ అప్పటికే తోలు ఒలిచేశాడు. బల్ల మీద శుభ్రమైన ప్లాస్టిక్ పరిచి ఉంది. పోగులు వెయ్యడం ఎప్పుడూ సుబ్బరాజు పనే. ఊళ్ళో వాళ్ళ తాతగారి దగ్గర నేర్చుకున్న పద్ధతని చెప్పేవాడు. ఇవాళ ఆయన నూరిన కత్తిని పిడి ఆమె వైపు తిప్పి పెట్టాడు.

"నువ్వెయ్యమ్మా. నీ జింక."

రూపవతి చేతులు కడుక్కుని వచ్చి మొదలుపెట్టింది. వెనక తొడలు కీలు దగ్గర విడదీసింది. వెన్ను వెంట కత్తి ఆన్చి, పొడుగాటి మెత్తటి కండ రెండు వైపులా ఊడదీసింది. డొక్కలు, జబ్బలు. అన్నిటినీ మూడేసి భాగాలు చేసి మూడు పోగులుగా పేరుస్తోంది, ఒకటి ఆమెకి, ఒకటి డేవిడ్‌సన్‌కి, ఒకటి సుబ్బరాజుకి. సుబ్బరాజు చూస్తూ కూర్చున్నాడు. మూడో పోగులో వెన్ను కండ పడగానే కూర్చున్నచోటే కదిలాడు.

"నాకెందుకమ్మా అది? నేనేం చేశాను, బల్ల లాగాను అంతే. నాకా మెడ వేసెయ్యి, చాలు."

ఆయన పద్ధతిలో తొడలూ వెన్నూ కొట్టినవాడివి. జబ్బలూ డొక్కలూ పక్కన కూర్చున్నవాడివి. మెడ, తోలినవాళ్ళది. నరాలు, ఎముకలు, మూడు గంటలు ఉడికినా పూర్తిగా మెత్తబడని మాంసం. నాలుగేళ్ళుగా ఆ మెడ ఇంటికి తీసుకొచ్చి, కుక్కర్లో పెట్టి, కూతలు లెక్కపెట్టుకుంటూ నిలబడింది రూపవతే. ఆ సంగతి సుబ్బరాజుకి తను అడిగాకే తట్టినట్టుంది. ఆయన చూపు కిందికి దిగింది.

రూపవతి మెడను బల్ల మధ్యకి లాక్కుంది. చిన్న రంపంతో ఎముక దగ్గర అడ్డంగా కోసింది, మళ్ళీ కోసింది. మూడు ముక్కలూ చేత్తో తూచి చూసుకుని, ఒక్కో పోగు మీద ఒక్కోటి పెట్టింది.

"నా దగ్గర మెడకి వేరే పోగు లేదండి రాజుగారూ," అంది, కత్తి గుడ్డతో తుడుస్తూ. "ముందు మీరే తీసుకోండి. మీకు ఏది నచ్చితే అది."

సుబ్బరాజు లేచి బల్ల దగ్గరికొచ్చాడు. మొదటి పోగు చూశాడు, రెండోది చూశాడు, మూడోది చూసి మళ్ళీ మొదటిదాని దగ్గరికొచ్చాడు. ఇన్నేళ్ళూ అందరి వాటాలూ ఒక్క చూపులో తేల్చేసిన ఆయనకి, ఇప్పుడు ఏది తీసుకోవాలో తోచలేదు.